పడిశం నుంచి ఫాస్ఫేటు దాకా: ముక్కులో కండ కథ

పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ పదింటిలో ఒకదాని చరిత్ర రాద్దామని కూర్చున్నాను. పండగ సంచికలో ముక్కు రోగం గొడవ ఏమిటని సంపాదకవర్గం వారు మొహమాటపడుతూనే అడిగారు. మన సంఘం సభ్యులు ఏ నలుగురు కలిసినా, పిల్లల చదువులూ ఇళ్ళ ధరలూ అయ్యాక మాట మళ్ళేది ఈ ‘సైనస్’ మీదికే కదా, అంచేత ఇది అందరి ఇంటి విషయమేనని జవాబు చెప్పాను. వృత్తిరీత్యా జీవరసాయన శాస్త్రం వాణ్ణి గనక వైద్యం చెప్పే అధికారం నాకు లేదు. చరిత్ర మాత్రం చెప్పగలను.

ముందుగా ఒక మాట సరిచేయాలి. ‘నాకు సైనస్ ఉంది’ అని మనం అంటాం. సైనస్ అందరికీ ఉంటుంది! అది రోగం పేరు కాదు, ముఖం ఎముకల్లో ఉండే ఖాళీ గదుల పేరు. నుదుటి వెనక, బుగ్గల వెనక, కళ్ళ మధ్య, ఇంకా లోపల పుర్రె అడుగున, నాలుగు జతలు. ప్రతి గదికీ ముక్కులోకి తెరుచుకొనే సన్నని ద్వారం ఉంటుంది. గోడల మీద కంటికి కనబడని నూగు ఉంటుంది. అది చీమిడిని ఆ ద్వారం వైపు ఊడ్చుకుంటూ పోతుంది. ఈ గదుల గోడలు వాచి, ఆ వాపు 12 వారాలకు మించి తగ్గకపోతే వైద్యులు దాన్ని దీర్ఘకాల వ్యాధి కింద లెక్కకడతారు. అందులో ఒక రకానికి ముక్కులో కండ పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఈ కండ పెద్దవాళ్ళలో నూటికి ఇద్దరి నుంచి నలుగురి దాకా ఉంటుంది.

కండ అంటే మాంసం అనుకోకండి. వైద్య గ్రంథాలు దీన్ని తొక్క తీసిన ద్రాక్షపండుతో పోలుస్తాయి. తాటిముంజె తిన్నవాళ్ళం గనక మనకి అంతకన్నా మంచి పోలిక ఉంది. పాలిపోయి, కొంచెం అవతలి వెలుగు కనబడేటట్టు, లోపల నీరు నిండి, ముట్టుకుంటే నొప్పి తెలియకుండా ఉంటుంది. ఒకటి కాదు, గుత్తులుగా వేలాడతాయి. గాలి ఆడదు, నిద్ర పట్టదు, తల బరువు. వీటన్నిటికీ మించిన నష్టం వాసన పోవడం. ఉగాది నాడు వేపపువ్వు నాలుక మీద చేదుగా తగులుతుంది గాని దాని వాసన తెలియదు. పొయ్యి మీద పోపు మాడిపోతున్నా తెలియదు, గ్యాసు లీకయినా తెలియదు. పక్కవాళ్ళకి ఇది పెద్ద కష్టంగా కనబడదు. ‘జలుబే కదా’ అంటారు. అనుభవించేవాళ్ళకే ఆ లోటు తెలుసు.

ఈ రోగం కొత్తది కాదు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో ముక్కు రోగాలు 31 అని లెక్క చెప్పి, ముక్కులో పెరిగే మొలకలకు అర్శస్సు అనే పేరే పెట్టారు. మూలశంకకీ దీనికీ ఒకే పేరన్నమాట! అపీనసం అనే రోగ లక్షణాల్లో ముక్కు బిగుసుకుపోవడంతో పాటు వాసనా రుచీ రెండూ తెలియకుండా పోవడాన్ని కూడా చేర్చడం గమనించదగ్గది. మనం ఇప్పటికీ వాడే ‘పీనసం’ అన్న మాట ఆ బాపతే. గ్రీకు దేశంలో హిప్పోక్రటీసు పేర చెలామణిలో ఉన్న గ్రంథాల్లో దీనికి ఒక భయంకరమైన చికిత్స ఉంది. స్పాంజిని ముక్కు రంధ్రానికి సరిపడేటట్టు కోసి, దారాలు గట్టిగా కట్టి, ఆ దారాలను ముక్కులోంచి గొంతులోకి పంపి, నోట్లోంచి బయటికి లాగేవారు. స్పాంజితో పాటు కండ ఊడివచ్చేది. మత్తుమందు లేని రోజులు! ‘పాలిపస్’ అన్న పేరు కూడా గ్రీకులదే. చాలా కాళ్ళున్న సముద్రజీవి అని అర్థం. ఎంత లాగినా ఏదో ఒక కాలు లోపల మిగిలిపోతుందని కాబోలు అని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత రెండువేల ఏళ్ళ చరిత్రని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. 16వ శతాబ్దంలో ఇటలీలో ఫలోపియో గొట్టంలోంచి తీగ ఉచ్చు పంపి కండని బిగించి కోశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పట్టకార్లనీ ఉచ్చులనీ మెరుగుపరుస్తూ పోయారు గాని ‘ఎందుకు పెరుగుతోంది’ అన్న ప్రశ్న దగ్గర ఎవరూ నిలబడలేదు. తీస్తే మళ్ళీ వచ్చేది, మళ్ళీ తీసేవారు. 20వ శతాబ్దం రెండో సగంలో హెరాల్డ్ హాప్కిన్స్ అనే ఆంగ్లేయుడు గాజు కడ్డీలతో సన్నటి దుర్భిణి తయారుచేసే పద్ధతి కనిపెట్టాక ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో మెసెర్‌క్లింగర్ ఆ దుర్భిణితో ముక్కులోకి తొంగి చూశాడు. చీమిడి ఏ దారిన ప్రవహిస్తోందో, ఎక్కడ ఆగుతోందో పటాలు గీశాడు. 1985లో అమెరికాలో డేవిడ్ కెనెడీ, ఆస్ట్రియాలో స్టామ్‌బెర్గర్ ఈ జ్ఞానాన్ని శస్త్రచికిత్సగా ప్రచారంలోకి తెచ్చారు. గదులని గీకి పారేయకుండా ద్వారాలు మాత్రం తెరిచి, గాలినీ నీటినీ ఆడనిచ్చే పద్ధతి అది. చాలా గొప్ప మెరుగు. మన ఎరికలో ‘సైనస్ ఆపరేషన్’ చేయించుకున్నవాళ్ళు చాలామంది ఈ పద్ధతికే రుణపడి ఉన్నారు. అయినా కండ ఉన్నవాళ్ళలో కొందరికి మళ్ళీ పెరుగుతూనే ఉంది. అంటే దారి తెరిచినంత మాత్రాన తీరే గొడవ కాదన్నమాట.

గొడవ ఎక్కడుందో తెలియడానికి కత్తి కాక రంగు పనికివచ్చింది. 1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ రక్తం చుక్కని గాజుపలక మీద పూసి, ఇయోసిన్ అనే ఎర్రటి రంగు వేసి చూస్తే కొన్ని తెల్లకణాల్లో గింజలు గింజలుగా నారింజ ఎరుపు మెరిసింది. వాటికి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టాడు, ఆ రంగుని ఇష్టపడే కణం అని. ఇయోస్ అంటే గ్రీకుల అరుణోదయ దేవత. మన వేదాల్లోని ఉషస్సూ ఆవిడా భాషాశాస్త్రం ప్రకారం అక్కచెల్లెళ్ళే. అంచేత వీటిని ‘ఉషఃకణాలు’ అందామని నా సొంత ప్రతిపాదన. పాశ్చాత్య దేశాల్లో తీసిన ముక్కు కండని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎక్కువ భాగం ఈ ఉషఃకణాలతో కిక్కిరిసి ఉంటుంది. నిజానికి ఇవి పేగుల్లో పురుగులతో పోరాడడానికి పుట్టిన సైనికులు. పురుగు లేని ముక్కులో వీటికేం పని?

ఈ కణాలతో మన తెలుగునేలకి ఒక పాత సంబంధం ఉంది. అది మనవాళ్ళకి అంతగా తెలియదు. చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానిటోరియం పేరు వినే ఉంటారు. (ఇప్పుడది అన్నమయ్య జిల్లా.) డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్-మోలర్ అక్కడి పెద్ద డాక్టరు. దగ్గు, ఆయాసం, ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చలు, ఇవన్నీ ఉండి క్షయ అనుకుని పంపించిన రోగుల్లో కొందరికి క్షయ సూక్ష్మజీవి ఎంత వెతికినా దొరకలేదు. రక్తం చూస్తే ఉషఃకణాలు విపరీతంగా ఉన్నాయి. 1940లో ఆయన, తోటి వైద్యుడు బార్టన్ కలిసి ఈ ‘క్షయలాంటి’ వింత స్థితి గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. మన చిన్నతనంలో ‘ఇస్నోఫీలియా’ అని ఊళ్ళో అందరూ అనేది ఇదే. అది ఊపిరితిత్తుల జబ్బు, బోదకాలు పురుగుకి శరీరం ఇచ్చే అతి జవాబు. ముక్కు కండతో దానికి నేరుగా సంబంధం లేదు. అయితే ఈ కణం గుంపుగా చేరిన చోట కండరాలూ పొరలూ ఎంత నలిగిపోతాయో అక్కడ బాగా తెలిసింది. ఆ జబ్బుకి 1950లలో పనికివచ్చిన మందు హెట్రజాన్. దాన్ని న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించినది భీమవరంలో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. మదనపల్లెలో గుర్తించిన రోగానికి భీమవరం వారి చేతి మీదుగా మందు!

సుబ్బారావు గారి ప్రస్తావన ఇక్కడితో అయిపోలేదు. అసలు ఆయన కోసమే ఈ వ్యాసం రాస్తున్నానేమో కూడా. 1923లో బోస్టన్ చేరి, పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపనులు చేసుకుంటూ చదువుకుని, హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు ద్వారా కొలిచే పద్ధతిని వాళ్ళిద్దరూ 1925లో ప్రచురించారు. జీవరసాయనం చదివిన ప్రతివాడూ ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ అని పరీక్షల్లో రాసినవాడే. ఆ కొలబద్దతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా ఏటీపీని పట్టుకున్నాడు. దానికి మూడు ఫాస్ఫేట్ల తోక ఉంటుంది. చివరి ఫాస్ఫేటు తెగితే శక్తి వస్తుందని, కండరం ఆ శక్తితోనే ముడుచుకుంటుందని తర్వాత తేలింది. మనకి బళ్ళో చెప్పింది అంతవరకే. ఆ ఫాస్ఫేటు ఇంధనంగానే కాదు, ఉత్తరం మీద వేసే ముద్రలా కూడా పనిచేస్తుందని తెలియడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ 1955లో కండరంలోని ఒక ఎన్‌జైముకి ఫాస్ఫేటు తగిలిస్తే మేలుకుంటుందని, ఊడదీస్తే నిద్రపోతుందని కనిపెట్టారు. 1992లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసి మరో ప్రోటీనుకి అంటించే ఎన్‌జైములకు కైనేజు అని పేరు.

1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో టోనీ హంటర్ ప్రయోగానికి కొత్త ద్రావణం కలుపుకోవడానికి బద్ధకించి పాతదే వాడాడు. అప్పటికి దాని ఆమ్లత కాస్త పెరిగి ఉంది. దాంతో అంతవరకు ఒకటే అనుకున్న మచ్చ రెండుగా విడిపోయింది. ఫాస్ఫేటు అంటుకొనే చోట్లు రెండే అనుకుంటుంటే టైరొసిన్ అనే మూడో చోటు బయటపడింది. మా రంగంలో పనిచేసేవాళ్ళకి ఈ కథ చెబితే పెదాలు విరిచి నవ్వుతారు గాని, ప్రయోగశాలలో సీసాలు కడగమని నా విద్యార్థులకి నేను చెప్పడం మానలేదు.

ఇక ముక్కు దగ్గరికి వద్దాం. కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి చిన్న ప్రోటీన్లని పంపుకుంటాయి. వాటికి ఇంటర్‌ల్యూకిన్‌లు అని పేరు, అంటే తెల్లకణాల మధ్య తిరిగేవి. 1982లో నాలుగో నంబరుది దొరికింది. 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ అనే ఇద్దరు ఎలుకల మీద పరిశోధన చేసి, సహాయక కణాలు రెండు పార్టీలుగా ఉంటాయని చెప్పారు. ఒక పార్టీ కణాల లోపల దాక్కున్న సూక్ష్మజీవుల మీదికి పోతుంది, రెండోది పురుగుల మీదికి. ఈ రెండో పార్టీ జెండా కిందనే 4, 5, 13 నంబరు ఇంటర్‌ల్యూకిన్‌లు ఉంటాయి. ఐదోది ఎముక మజ్జలో ఉషఃకణాలని పుట్టించి, చావకుండా కాపాడుతుంది. నాలుగోది, పదమూడోది కవలలు. ఒకే గుమ్మం తట్టే కవలలు.

ఆ గుమ్మం తట్టాక లోపల ఏం జరుగుతుందో చూడండి. కణం పొర మీద గ్రాహకం ఉంటుంది. దాని తోక కణం లోపలికి వేలాడుతూ ఉంటుంది. ఆ తోకని పట్టుకుని జాక్ అనే కైనేజు కూర్చుని ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ విల్క్స్ 1989 ప్రాంతంలో దీన్ని పట్టుకున్నప్పుడు కైనేజులు అప్పటికే లెక్కకు మించి దొరుకుతున్నందువల్ల ‘ఇదొకటి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు పెట్టాడు. తర్వాత గౌరవంగా ఉండదనుకున్నారో ఏమో, రెండు ముఖాలున్న రోమను దేవుడు జానస్ పేరు అంటగట్టారు. బయట ఇంటర్‌ల్యూకిన్ వచ్చి కూర్చోగానే జాక్ మేలుకుంటుంది. ఏటీపీ తోకలోంచి చివరి ఫాస్ఫేటు పీకి గ్రాహకం తోకలోని టైరొసిన్‌కి అంటిస్తుంది. ఆ ఫాస్ఫేటు చూసి స్టాట్-6 అనే ప్రోటీను వచ్చి అక్కడ వాలుతుంది. జాక్ దానికీ ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు రెండు స్టాట్‌లు జతకట్టి నేరుగా కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద వాలి జన్యువులని మేల్కొలుపుతాయి. మధ్యలో దళారులు ఎవరూ లేరు. గుమ్మం దగ్గర సంతకం పెట్టించుకున్నవాడే లోపల దివాణానికి వెళ్ళి ఆజ్ఞ వినిపిస్తాడు. ఈ మార్గాన్ని న్యూయార్కులో జేమ్స్ డార్నెల్, ఇంకొందరు ఇంటర్‌ఫెరాన్ మీద పనిచేస్తూ 1990ల మొదట్లో వివరించారు. నాలుగో నంబరు ఇంటర్‌ల్యూకిన్‌కి స్టాట్-6 సంగతి 1994లో తేలింది. ప్రతి మెట్టులోనూ చేతులు మారేది 1929లో సుబ్బారావు గారు కండరంలో చూసిన ఆ ఏటీపీ ఫాస్ఫేటే!

అలా మేల్కొన్న జన్యువులు చేసే పనేమిటి? ముక్కు పొరలోని కణం ‘రండి రండి’ అని ఉషఃకణాలని పిలిచే రసాయనం తయారుచేస్తుంది. చీమిడి కణాలు పెరుగుతాయి. మరో జాతి కణాలు ఐజీ-ఇ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. దీని చరిత్ర కూడా వింతే. 1921లో జర్మనీలో చేపలు పడని క్యూస్ట్‌నర్ రక్తరసాన్ని తోటి వైద్యుడు ప్రౌస్‌నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప సారం గుచ్చితే దద్దురు లేచింది. రక్తంలో ఉన్న ఆ ‘ఏదో’ ఏమిటో తెలియడానికి 45 ఏళ్ళు పట్టింది. డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్ 1966-67లో విడివిడిగా ఐజీ-ఇని పట్టుకున్నారు.

ఇంతకీ కండలో ఆ ముంజెనీరు ఎందుకు నిలబడుతుంది? చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు 2013లో ఒక జవాబు చెప్పారు. దెబ్బ తగిలినప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే దారాల వల కండ నిండా అల్లుకుని ఉందట. మామూలుగా ఆ వలని కరిగించే ఎన్‌జైము ఈ రెండో పార్టీ సంకేతాల వల్ల తగ్గిపోయింది. రక్తనాళాల నుంచి ఊరిన నీరు వలలో చిక్కుకుని బయటికి పోలేక ఉబ్బుతుంది. ‘కండ పెరిగింది’ అంటాం గాని నిజంగా పెరిగినదానికన్నా నానినదే ఎక్కువ.

ఇక్కడ ఆస్పిరిన్ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. దయచేసి ఈ భాగం మాత్రం వదలకుండా చదవండి. మా బావగారికి పదకొండేళ్ళలో మూడుసార్లు ముక్కు ఆపరేషన్ అయింది. మధ్యలో ఉబ్బసం కూడా మొదలైంది. ఒక శనివారం తలనొప్పని రెండు ఆస్పిరిన్ బిళ్ళలు వేసుకున్నారు. గంట తిరక్కుండా ముఖం ఎర్రబడి, ముక్కు కారి, ఊపిరి ఆడక అంబులెన్సులో ఆస్పత్రికి వెళ్ళవలసి వచ్చింది. బతికి బయటపడ్డారు. మూడు ఆపరేషన్లలో ఒక్కసారైనా ఆస్పిరిన్ పడుతుందా అని ఎవరూ అడగలేదని మా అక్కయ్య ఇప్పటికీ బాధపడుతుంది. ముక్కులో కండ, ఉబ్బసం, ఆస్పిరిన్ పడకపోవడం ఈ మూడూ ఒకే తాటి మీద నడుస్తాయని పారిస్‌లో విడాల్ 1922లోనే రాశాడు. అది ఫ్రెంచిలో ఉండడం వల్లనో ఏమో ఎక్కువమంది పట్టించుకోలేదు. 1968లో చికాగోలో మాక్స్ సామ్టర్, బీర్స్ అదే సంగతిని మళ్ళీ చెప్పాక ‘సామ్టర్ త్రయం’ అని పేరొచ్చింది. విడాల్ పేరు ఎగిరిపోయింది. శాస్త్రచరిత్రలో ఇలాంటి అన్యాయాలు కొల్లలు.

ఎందుకిలా జరుగుతుందో చెప్పడానికి మన గోదావరి కాలువలే నాకు గుర్తొస్తాయి. కణం పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఉంటుంది. అవసరమైనప్పుడు అది తెగి రెండు కాలువల్లోకి పారుతుంది. ఒక కాలువలో ప్రోస్టగ్లాండిన్‌లు, రెండో దానిలో ల్యూకోట్రైన్‌లు తయారవుతాయి. ల్యూకోట్రైన్‌లు ఊపిరి గొట్టాలని పిండేస్తాయి, పొరల్ని ఉబ్బిస్తాయి. మొదటి కాలువలో వచ్చే ఒక ప్రోస్టగ్లాండిన్ ఈ రెండో కాలువకి లాకులాగా పనిచేసి ప్రవాహాన్ని అదుపులో పెడుతుంది. ఆస్పిరిన్ మొదటి కాలువకి అడ్డుకట్ట వేస్తుందని 1971లో లండన్‌లో జాన్ వేన్ చూపించాడు. 1975లో పోలండులోని క్రాకోలో షెక్లిక్ బృందం, ఈ రోగులకి పడని మందులన్నీ ఆ అడ్డుకట్ట వేసేవేనని గుర్తించింది. 1979లో స్వీడన్‌లో సామ్యూయెల్సన్ ల్యూకోట్రైన్‌లకి ఆ పేరు పెట్టాడు. వేన్, సామ్యూయెల్సన్, బెర్గ్‌స్ట్రోమ్ 1982లో నోబెల్ పంచుకున్నారు. మామూలు మనిషికి లాకు కాస్త సడలినా ఫరవాలేదు. ఈ రోగుల్లో రెండో కాలువ ఎప్పుడూ గట్టు అంచుదాకా నిండే ఉంటుంది. లాకు ఎత్తేస్తే ఊరు మునగదూ?

ఆస్పిరిన్ ఒక్కటే కాదు, ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ కూడా అదే అడ్డుకట్ట వేస్తాయి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో నూటికి సుమారు ఏడుగురికి ఈ గుణం ఉంటుంది. ముక్కులో కండ కూడా ఉంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ‘ఇక్కడి నొప్పి బిళ్ళ’ అని సీసా చేతికిచ్చే ముందు ఉబ్బసం ఉందా, ముక్కు ఆపరేషన్ అయిందా, ఏ బిళ్ళైనా పడలేదా అని ఒక్క మాట అడగండి. అనుమానం ఉంటే డాక్టరుని అడగండి.

సరే, కోస్తే మళ్ళీ ఎందుకు పెరుగుతుందన్న రెండువేల ఏళ్ళ ప్రశ్న మిగిలింది. ఇందులో ఒకరి పాత్ర కాదు, చాలామందిది. ముక్కు పొర దెబ్బతింటే తానే టీఎస్‌ఎల్‌పీ అనే ప్రోటీనునీ, 33వ నంబరు ఇంటర్‌ల్యూకిన్‌నీ వదిలి కేకపెడుతుంది. ఆ కేక వినే కొత్తరకం కణాలు 2010లో దొరికాయి. మరుసటి ఏడాదే అవి ముక్కు కండలో గుంపులుగా ఉన్నాయని తేలింది. చర్మం మీద ఉండే స్టాఫ్ సూక్ష్మజీవి విషాలకి వ్యతిరేకంగా కండలోనే ఐజీ-ఇ తయారవుతోందని బెల్జియంలోని గెంట్ నగరంలో బాకర్ట్ బృందం 2001లో చూపించింది. ఇవన్నీ నిప్పుని ఎగదోసేవి. కాని నిప్పు ఆర్పాక కూడా బూడిద కింద ఏదో రగులుతూనే ఉంటుందన్న అనుమానానికి 2018లో బోస్టన్ వాళ్ళు సాక్ష్యం చూపించారు. కండలోని ఒక్కొక్క కణాన్నీ విడదీసి, ఏ జన్యువులు మేల్కొని ఉన్నాయో చదివారు. పొర అడుగున ఉండే మూలకణాలు, ఏ కణాల నుంచి పై పొర మళ్ళీ మళ్ళీ పుడుతుందో అవి, 4, 13 ఇంటర్‌ల్యూకిన్‌ల ముద్రని జ్ఞాపకం పెట్టుకున్నాయి. ముక్కులోంచి తీసి గాజు పళ్ళెంలో పెంచినా ఆ జ్ఞాపకం పోలేదు. పైన కోసేసినా వేరుకి పాత పాఠం గుర్తుందన్నమాట. ఆ పరిశోధన చేసినవారిలో ముఖ్యులు బ్రిగమ్ ఆస్పత్రివారు. సుబ్బారావు గారు రాత్రిపూట పనిచేసిన పీటర్ బెంట్ బ్రిగమ్ 1980లో మరి రెండు ఆస్పత్రులతో కలిసి ఇప్పటి బ్రిగమ్ అయింది.

మందుల సంగతి క్లుప్తంగా. 1948లో మేయో క్లినిక్‌లో హెంచ్, కెండాల్ కీళ్ళవాతానికి కార్టిజోన్ వాడి చూపించారు. 1970ల నుంచి ఆ జాతి స్టెరాయిడ్‌లు ముక్కు పిచికారీలుగా వచ్చాయి. ఇప్పటికీ మొదటి మందు అదే. అది చాలనివారి కోసం కణాల సంభాషణని మధ్యలో ఆపే ప్రతిరక్షకాలు వచ్చాయి. 2019 జూన్‌లో డుపిలుమాబ్‌ని ముక్కు కండకి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఆ కవలలు తట్టే గుమ్మానికే తాళం వేస్తుంది అది. 2020లో ఐజీ-ఇని పట్టుకొనే ఒమలిజుమాబ్, 2021లో ఐదో నంబరుని పట్టుకొనే మెపొలిజుమాబ్ వచ్చాయి. డుపిలుమాబ్ పరీక్షలు రెండు, ఒకదానిలో 276 మంది, రెండోదానిలో 448 మంది. కండ తగ్గింది, ముక్కు తెరుచుకుంది, చాలామందికి వాసన కొంత తిరిగొచ్చింది. అయితే 24 వారాలకి సూది ఆపేసినవారిలో కండ మళ్ళీ తల ఎత్తడం మొదలుపెట్టింది. మూలకణాల జ్ఞాపకం గురించి చెప్పుకున్నాం గనక ఇది ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యపరిచేది ధర. జాబితా ప్రకారం ఏడాదికి 30 వేల డాలర్లు దాటుతుంది. బీమా కంపెనీ ఒప్పుకుంటే సరే. లేకపోతే మళ్ళీ కత్తే గతి. సుబ్బారావు గారు హెట్రజాన్ తయారుచేయించింది కోట్లమంది బీదవాళ్ళు మింగగల బిళ్ళగా. ఈ సూదులు అలాంటివి కావు.

వాసన తిరిగొచ్చిందని ఎలా కొలుస్తారంటారా? 1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డోటీ 40 వాసనల పుస్తకం ఒకటి తయారుచేశాడు. పేజీ గీకి, వాసన చూసి, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టాలి. పిజ్జా, రూట్ బీరు, చెడ్డార్ చీజు, బబుల్ గమ్, పుచ్చకాయ, గడ్డి, పెట్రోలు ఇలా ఉంటాయి. ఇంగువ లేదు, కరివేపాకు లేదు, మల్లెపువ్వు లేదు. రూట్ బీరు తెలియకపోవడం ముక్కు తప్పో పుట్టిన ఊరి తప్పో ఆ పుస్తకం చెప్పదు. సూది మొదలుపెట్టిన నాలుగో నెలలో మా బావగారికి ఈ పరీక్ష పెట్టారు. రూట్ బీరు దగ్గర తప్పారు. కొబ్బరి, లవంగం, ఉల్లిపాయ సరిగ్గా చెప్పారు.